అడ్వాన్సు నుంచి అపాయింట్‌మెంట్ ఆర్డరు దాకా

ఉగాది వచ్చిందంటే రాయలసీమ పల్లెల్లో పాత జీతాలు తెగి కొత్త జీతాలు కుదిరేవి. ఏడాదికి ఇన్ని తూముల రాగులు, ఒక కంబళి, జత చెప్పులు, పంచె, పూటపూటకీ సంగటి. కాగితం లేదు, సంతకం లేదు. నలుగురి ముందు అనుకున్న మాటే ఒప్పందం. పుంగనూరు జమీందారీలోనైనా, మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లోనైనా మనిషిని పనిలో పెట్టుకునే పద్ధతి ఇంచుమించు ఇదే. ఆ ఒప్పందానికి అసలు ముడి జీతంలో లేదు, ముందుగా చేతిలో పెట్టిన డబ్బులో ఉంది. ఆడపిల్ల పెళ్లికో, ఎద్దు చచ్చిపోయినప్పుడో తీసుకున్న అప్పు తీరేదాకా జీతగాడు ఆ ఇంటి గడప విడిచే వీల్లేదు. తండ్రి తీర్చలేకపోతే కొడుకు వచ్చి గొడ్లు కాసేవాడు.

ఈ పద్ధతికి తెల్లదొరల చట్టం కూడా తోడు వచ్చింది. ముందుగా సొమ్ము పుచ్చుకుని పనిలోకి రాని కూలీనీ, చేతిపనివాణ్నీ మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి, పనైనా చేయించే, జైలుకైనా పంపే చట్టం 1859లో వచ్చింది. చెప్పకుండా మానేసే ఉద్యోగి ఇప్పటి యజమానికి తలనొప్పి మాత్రమే. ఆనాటి యజమానికి అది కేసు పెట్టదగ్గ నేరం. ఆ చట్టం రద్దు కావడానికి 1925 దాకా ఆగాల్సి వచ్చింది. చట్టం పోయినా అలవాటు పోలేదు. చిత్తూరు సీమలో పనికీ మనిషికీ మధ్య నడిచిన కథంతా ఈ అడ్వాన్సు చుట్టూ, దాన్ని పంచిపెట్టే మేస్త్రీ చుట్టూ తిరుగుతుంది.

మేస్త్రీ బలం ఎంతటిదో చూడాలంటే కుప్పం పక్కనే ఉన్న కోలారు బంగారు గనులకు పోవాలి. 1880ల నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ నడిపిన ఆ గనుల్లోకి ఉత్తర ఆర్కాటు నుంచి, చిత్తూరు వైపు నుంచి తమిళులు, తెలుగువాళ్లు వేల సంఖ్యలో దిగారు. వాళ్లను పోగుచేసి తెచ్చేది మేస్త్రీలే. దారి ఖర్చుకు డబ్బు ఇచ్చేదీ, ఏ షిఫ్టులో దిగాలో చెప్పేదీ, కూలి చేతికి వచ్చేలోపు తన వాటా పట్టుకునేదీ వాళ్లే. 1902లోనే శివసముద్రం జలవిద్యుత్తు అందుకున్న గనులవి. అంతటి కంపెనీ కూడా తన కూలీలెవరో మేస్త్రీ చెబితేనే తెలుసుకునేది.

ఆ పరిస్థితి మార్చాలని కంపెనీ చేసిన ప్రయత్నం ఎదురుతిరిగింది. కూలీలందరి పేర్లూ నమోదు చేసి వేలిముద్రలు తీసుకోవాలని 1930లో నిర్ణయించారు. ఒక గనిలో తీసేసిన మనిషి ఇంకో గనిలో చేరకుండా చూడటం అందులో ఒక ఉద్దేశం. వేలిముద్రలు దొంగలవే తీసుకుంటారని కూలీల నమ్మకం. యూనియన్ అంటూ ఏదీ లేకుండానే వేలమంది పని మానేసి 21 రోజులు బయట కూర్చున్నారు. చివరికి కంపెనీ వెనక్కి తగ్గింది. లెక్క సరిగా ఉండాలనుకోవడంలో తప్పు లేదు. ఆ లెక్క తమను పట్టించడానికేనని పనివాళ్లు అనుకునేలా మొదలుపెట్టడమే దెబ్బతీసింది. ఈ రోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర బయోమెట్రిక్ యంత్రం బిగించే మేనేజరు ఈ సంగతి తెలుసుకుంటే మంచిది. ఆ ముద్రలు ఎక్కడ దాస్తారు, అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఎంత కోస్తారు, యంత్రం పనిచేయని రోజు హాజరు ఎవరు వేస్తారు అన్నవి యంత్రం కంటే ముందు చెప్పాల్సిన మాటలు.

యూనియన్ల చరిత్రకూ మదనపల్లెకూ మధ్య దివ్యజ్ఞాన సమాజం కేంద్రమైన అడయారు మీదుగా ఒక దారి ఉంది. 1915లో మదనపల్లెలో కాలేజీ పెట్టిన అనీబిసెంటుకు కుడిభుజం లాంటి మనిషి బి.పి. వాడియా. మద్రాసు బకింగ్‌హాం, కర్ణాటిక్ మిల్లుల పనివాళ్ల కష్టాలు వాడియా చెవిన వేసింది సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అనే ఇద్దరు వర్తకులు. మధ్యాహ్నం అన్నం తినడానికి ఇచ్చే సమయం చాలడం లేదన్నది పనివాళ్ల మొదటి గోడుల్లో ఒకటి. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. పనివాళ్లతో కూర్చుని మాట్లాడే బదులు మిల్లు యాజమాన్యం వాడియా మీద కోర్టుకు వెళ్లి గెలిచింది. ఆ గెలుపు మీద రేగిన గొడవే 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టానికి దారి తీసింది. భోజన విరామం దగ్గర తెగిపోవాల్సిన పేచీ శాసనసభ దాకా నడిచిందన్నమాట.

కాలేజీ వచ్చిన 1915లోనే మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ శానటోరియం కూడా తెరుచుకుంది. అనేక క్రైస్తవ మిషన్లు కలిసి కట్టిన ఆసుపత్రి అది, డెన్మార్క్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి పెద్ద. ఆయన తర్వాత ఆ బాధ్యత పి.వి. బెంజమిన్‌కు వచ్చింది, తర్వాత ఆయన భారత ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యారు. మందులు లేని ఆ రోజుల్లో రోగి నెలల తరబడి మంచాన ఉండాలి. తగ్గి ఇంటికి వెళ్తే పాత కొలువు ఉండదు, ఉన్నా దగ్గరికి రానివ్వరు. అందుకే ఆనాటి శానటోరియాల్లో కోలుకునే మనిషికి మొదట కాస్త నడక, తర్వాత తేలిక పని, ఆ తర్వాత ఇంకొంచెం బరువు పని అని మెట్లు మెట్లుగా పెంచేవారు. జబ్బు నుంచి తిరిగొచ్చిన ఉద్యోగిని మొదటి రోజే పాత టార్గెట్ల కింద తోయకూడదన్న ఆలోచన మానవ వనరుల పుస్తకాల కంటే ముందు ఇలాంటి ఆసుపత్రుల్లో పుట్టింది. ఇప్పుడు పది మంది, అంతకు మించి పనిచేసే చోట, నెల జీతం 21,000 రూపాయలకు మించనివాళ్లకు ఈఎస్ఐ ఉంటుంది. క్షయ లాంటి దీర్ఘరోగాలకు మామూలు సిక్‌నెస్ బెనిఫిట్ మీద ఇంకా రెండేళ్ల దాకా, జీతంలో 80 శాతం వంతున భృతి వస్తుంది. ఈ సంగతి చిన్న ఫ్యాక్టరీల్లో ఉద్యోగికీ తెలియదు, చాలాసార్లు యజమానికీ తెలియదు. జబ్బు మనిషిని తీసేయడానికి తొందరపడేవాళ్లు ముందు ఆ ఈఎస్ఐ కార్డు తీసి చూడాలి.

ఇంతలో మేస్త్రీని పక్కన పెట్టాలన్న మాట దేశం మొత్తం మీద వినిపించసాగింది. రాయల్ లేబర్ కమిషన్ 1931 నివేదికలో మనుషుల్ని పెట్టుకునే, తీసేసే అధికారం మేస్త్రీల చేతిలోంచి లాగి లేబర్ ఆఫీసరుకు ఇవ్వమంది. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీ కార్మిక మంత్రి అయిన తెలుగువాడు వి.వి. గిరి, పేచీలు కోర్టుల్లో కాకుండా బల్ల దగ్గర తేలాలని వాదించినవాడు. కేంద్రంలో కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల అవార్డు విషయంలో మాట నెగ్గక 1954లో రాజీనామా కూడా చేశాడు. 500 మంది, అంతకు పైగా పనిచేసే ఫ్యాక్టరీలో వెల్ఫేర్ ఆఫీసరు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టం పెట్టింది. నేటి హెచ్‌ఆర్ మేనేజరు వంశవృక్షంలో తాతగారు ఆ వెల్ఫేర్ ఆఫీసరే.

అయితే మదనపల్లెలో అంత పెద్ద ఫ్యాక్టరీలు ఎన్ని? ఇక్కడి నీరుగట్టువారిపల్లె పట్టు మగ్గాలకు వెల్ఫేర్ ఆఫీసరు ఎవరు? మగ్గం ఇంట్లోనే, పట్టు షావుకారుది, కూలి చీర లెక్కన. మధ్యలో మళ్లీ అడ్వాన్సు. బాకీ ఉన్న నేతగాడు ఇంకొక షావుకారు దగ్గరికి పోవాలంటే ఆ బాకీ ఎవరో ఒకరు కట్టాలి. వెట్టిచాకిరీని నిషేధించిన 1976 చట్టం అడ్వాన్సు పేరుతో మనిషిని కట్టిపడేయడం నేరమని తేల్చింది. కానీ అన్ని అడ్వాన్సులూ వెట్టి కావు. పిల్లల ఫీజుకు డబ్బు అందిన ఇంట్లో దాన్ని సాయంగానే చూస్తారు. ఎంత ఇచ్చారు, చీరకు ఎంత మినహాయిస్తున్నారు, ఇంకెంత మిగిలింది అన్నది ఇద్దరి దగ్గరా రాసి ఉందా లేదా అన్న దగ్గరే తేడా తెలుస్తుంది.

మనిషిని కట్టేయడం నుంచి మనిషిని పెంచడం వైపు ఆలోచన మళ్లిన కాలంలోనూ తెలుగువాళ్ల పాలు ఉంది. హార్వర్డ్ మనస్తత్వవేత్త డేవిడ్ మెక్లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారులకు హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌లో ఇప్పించిన శిక్షణ, సాధించాలన్న తపనను నేర్పవచ్చా అన్న ప్రశ్నకు ప్రపంచప్రసిద్ధ ప్రయోగమైంది. 1975లో మేనేజ్‌మెంట్ ఆచార్యుడు ఉదయ్ పరీక్‌తో కలిసి లార్సెన్ అండ్ టూబ్రోలో మానవ వనరుల అభివృద్ధి విభాగానికి రూపం ఇచ్చింది తెలుగువాడు టి.వి. రావు. పర్సనల్ డిపార్ట్‌మెంటు అంటే హాజరు పట్టీ, సెలవు చీటీ అనుకునే రోజుల్లో, ఏడాదికి ఒకసారైనా ఉద్యోగిని కూర్చోబెట్టుకుని అతని ఎదుగుదల గురించి మాట్లాడమని వాళ్లు చెప్పారు.

ఆ మాటకు మంచి ఉదాహరణ ఈ ప్రాంతంలోనే ఉంది, కాకపోతే అది కంపెనీలో కాదు, బడిలో. జిడ్డు కృష్ణమూర్తి తన పుట్టిన ఊరికి దగ్గర్లో స్థలం ఎంచుకుని మొదలుపెట్టించిన రిషివ్యాలీ స్కూలు, 1980ల చివర చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు తెరిచింది. ఒక గది, ఒక టీచరు, అన్ని తరగతుల పిల్లలూ. పట్నం నుంచి పంతుళ్లను తెస్తే నిలవరు. అందుకే రమ, పద్మనాభరావు దంపతులు ఆ పల్లెల యువతీయువకుల్నే తీసుకుని తయారుచేశారు. పాఠ్యపుస్తకం స్థానంలో కార్డులు వచ్చాయి. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో గోడ మీది నిచ్చెన పటం చెబుతుంది. కొత్త టీచరు ఏం చేయాలో ఆ కార్డుల్లోనే ఉంటుంది కాబట్టి అతనికి భయం తగ్గింది. తెలుగులో తయారైన ఆ పద్ధతి తర్వాత తమిళనాడు ప్రభుత్వ బడుల దాకా వెళ్లింది. దగ్గరివాళ్లను తీసుకో, పనిని వాళ్లు మోయగలిగే ముక్కలుగా చెయ్యి, ఒంటరిగా వదిలేయకు. ఈ మూడూ తెలియకనే మన చిన్న సంస్థలు "మంచి మనుషులు దొరకడం లేదు" అని వాపోతుంటాయి.

ఊరివాళ్లనే తయారుచేసే ప్రయత్నం కుప్పంలోనూ జరిగింది. అక్కడ 2002 ఫిబ్రవరిలో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి మూడేళ్ల ఐ-కమ్యూనిటీ ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఊళ్లలో సమాచార కేంద్రాలు పెట్టారు, వాటికి వచ్చిన పేరు అంతా ఇంతా కాదు. అందులో ఎక్కువ ఆసక్తికరమైనది ఒక చిన్న ముక్క: స్వయంసహాయక సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో నడిచే ప్రింటరు ఇచ్చి ఊరూరా తిరిగే ఫొటోగ్రాఫర్లుగా తయారుచేయడం. గుర్తింపు కార్డులకు, పెళ్లిళ్లకు, సర్కారు కార్యక్రమాలకు ఫొటోలు కావాలి. అంటే గిరాకీ ముందే ఉంది. శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేసే వందల పథకాల మధ్య, పనిముట్టునూ గిరాకీనీ కూడా ఆలోచించినందుకే అది గుర్తుండిపోయింది.

పనిలో పెట్టుకోవడం గురించి పుస్తకాలు ఎన్నో ఉన్నాయి, పంపించడం గురించి తక్కువ. 2001లో కోలారు గనులతో పాటు కుప్పం వైపున్న బిసానత్తం, చిగురుగుంట గనులు కూడా మూతపడ్డాయి. వేతన బకాయిల తగువులు గని మూతపడ్డాక కూడా ఏళ్ల తరబడి సాగాయి. సంస్థను నడపలేకపోవడం నష్టమే. చివరి లెక్క తేల్చకుండా తలుపులు వేయడం మాత్రం ఊరు తరాల పాటు చెప్పుకునే కథ అవుతుంది.

ఇక మేస్త్రీ. తెల్లదొరల కమిషన్ పంపించేయమన్న మనిషి కాంట్రాక్టరు పేరుతో తిరిగొచ్చాడు. 2003లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాంట్రాక్టు కార్మిక చట్టాన్ని సవరించి, సంస్థ అసలు పనుల్లో కాంట్రాక్టు కూలీని పెట్టరాదంటూనే, పారిశుద్ధ్యం, కాపలా, క్యాంటీన్, సరుకు ఎత్తడం దించడం లాంటివి మామూలుగా అసలు పనులు కావని జాబితా రాసింది. అలాంటి జాబితాయే తర్వాత కేంద్రం తెచ్చిన వృత్తి భద్రతా కోడ్‌లోనూ కనిపిస్తుంది. మదనపల్లె టమాటా మార్కెట్‌లో ఎత్తడం దించడమే అసలు పని అనిపిస్తుంది చూసేవాళ్లకు. తెల్లవారకముందే క్రేట్లు దించి, గ్రేడు చేసి, లారీ ఎక్కించే హమాలీలు ఒక్కపూట రాకపోతే వేలం ఆగిపోతుంది. 2023 జులైలో కిలో ధర వంద దాటి పరుగెత్తినప్పుడు రైతు గురించీ, వినియోగదారు గురించీ పత్రికలు పేజీలు నింపాయి. క్రేటుకు ఎంత కూలి అన్నది ఎవరూ పెద్దగా అడగలేదు.

నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వడం తప్పనిసరి అయింది. అయితే ఆ నిబంధన ఉన్న కోడ్ మామూలుగా పది మంది, అంతకు మించి ఉన్న సంస్థలకే వర్తిస్తుంది. కాంట్రాక్టు కూలీల నిబంధనలకు ఉన్న పరిమితి 20 నుంచి 50కి పెరిగింది. ఆరుగురు హమాలీలున్న మండీ, నాలుగు మగ్గాలున్న ఇల్లు వీటికి బయటే ఉండిపోతాయి. వేతనాల కోడ్‌కు మాత్రం ఈ తలల లెక్క లేదు. నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపు ఇవ్వాలి. మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. చేరకముందు ఇచ్చిన అడ్వాన్సును మొదటి పూర్తి జీతం నుంచి మినహాయించుకోవచ్చు గానీ, దారి ఖర్చుకు ఇచ్చినది తిరిగి పట్టుకోకూడదు. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగానికి మించరాదు.