మా నాయన మొక్కు

ఆ చెక్కపెట్టె భోగిమంటలో పడెయ్యకు అమ్మడూ. విరిగిన పీటలు వెయ్యి, తాటాకులు వెయ్యి. ఆ పెట్టె మాత్రం ఇట్టా తే.

దేవుణ్ణి నమ్మనోళ్లకి దేవుడి పెట్టె ఎందుకంటావా? మరి భోగిమంట ఎందుకు వేస్తున్నామో అడగలేదేం? చలికే అనుకో.

మా నాయన పుట్టుకతో నాస్తికుడేం కాదు. మన గుడివాడ పక్కనే ఉన్న అంగలూరు కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరిగారు పుట్టిన ఊరు. కాపురం తెనాలిలో అయినా ఆయన మాట ఈ పల్లెలన్నీ తిరిగేది. శంబూకుణ్ణి రాముడెందుకు చంపాడయ్యా అని 1920లోనే నాటకం రాసి అడిగిన మనిషి. పెళ్లి మంత్రాలు కూడా మనకి తెలిసే తెలుగులో ఉండాలని ‘వివాహవిధి’ రాశాడు. మా అమ్మా నాయనల పెళ్లి ఆ తెలుగు మంత్రాలతోనే అయింది. మా నాయనమ్మ ఒకటే ఏడుపంట, “అర్థమయ్యేది మంత్రం ఎట్టా అవుద్దిరా” అని.

తర్వాత గోరాగారు వచ్చారు. బందరు హిందూ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవారు. నాస్తికత్వం వల్ల ఆ ఉద్యోగం పోతే, 1940లో ఉయ్యూరు దగ్గర ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. అంతకుముందే జంధ్యం తీసేసి సొంత ఇంట్లోంచి బయటికి రావాల్సొచ్చింది ఆయనకి. భార్య సరస్వతిగారు కడుపుతో ఉండి కూడా గ్రహణం పూట బయట తిరిగారు. మా నాయన ముదునూరుకి సైకిలు మీద పోయి సహపంక్తి భోజనాల్లో కూర్చునేవాడు. అట్టా పోయి పోయి, ఒకరోజు వచ్చి దేవుడి గూడు ఖాళీ చేశాడు.

రాగిచెంబు మంచినీళ్ల కుండ మీదకెక్కింది. హారతిపళ్లెంలో అమ్మ ఎండుమిరపకాయలు పోసింది. పటాలు మా మేనత్త గోనెసంచిలో వేసుకుని పోయింది. వీటి గురించి గొడవేం లేదు, పనికొచ్చేవి పనిలో పడ్డాయి, మొక్కేవి మొక్కేవాళ్లకి చేరాయి.

గొడవంతా రెండిటి దగ్గరే. ఒకటి అమ్మ తాళి. తియ్యమన్నాడు నాయన. గోరాగారి పెద్దమ్మాయి పెళ్లి దేవుడి పేరు తీసేసి సత్యం పేరు మీద చేయిస్తానని గాంధీగారు మాటిచ్చారు కదా, ఆయన పోయాక 1948లో సేవాగ్రామంలో ఆ పెళ్లి జరిగింది. అమ్మ అదే పట్టుకుంది: “గాంధీగారు దేవుణ్ణి తీసి పెళ్లి ఉంచారు. నేనూ దేవుణ్ణి తీసి తాళి ఉంచుకుంటా. ఇది కట్టింది నువ్వా, దేవుడా?” నాయన మళ్లీ ఎత్తితే ఒట్టు. ఆయన పోయిన రోజు, ఇప్పుడు తియ్యాలమ్మా అని వచ్చినోళ్లని అమ్మ గుమ్మం తొక్కనివ్వలేదు. తను పోయేదాకా మెళ్లోనే ఉంది. ఇప్పుడు ఈ పెట్టెలో ఉన్నది అదే.

రెండోది ముడుపు. నాయనకి చిన్నప్పుడు సన్నిపాత జ్వరం వస్తే, బతికితే కొండకి తీసుకొచ్చి తలనీలాలిప్పిస్తానని నాయనమ్మ మొక్కుకుని పసుపుగుడ్డలో రూపాయలు కట్టింది. కోతలనీ కాన్పులనీ ఏటికేడు వాయిదా వేస్తూ, ఆ మొక్కు తీరకుండానే పోయింది. మేనత్త నాయనకి అక్క. “నీ పేరున మొక్కింది, నువ్వే వచ్చి గుండు చేయించుకోవాలి” అని ప్రతి పండక్కీ పోరేది. నాయన రానంటే రాననేవాడు: “నేనెళ్లి హుండీలో వేస్తే అబద్ధమాడినట్టు. వాడుకుంటే అమ్మ డబ్బు దొంగిలించినట్టు.” అందుకని ఎటూ కాకుండా, గోరాగారి ‘సంఘం’ పత్రికల కట్ట పక్కనే ఆ ముడుపు ఉండిపోయింది. పత్రికలకి చెదలు పట్టాయి గానీ పసుపుగుడ్డకి పట్టలేదు. పసుపు మహిమలే, ఇంకోటి కాదు.

నాకు మాత్రం మన ఊరి దిబ్బ గుర్తొచ్చేది. ఊరి నడుమ దిబ్బ అంటున్నామే, అది బౌద్ధుల స్తూపం. భట్టిప్రోలులో దొరికినట్టే ఇక్కడా పేటికలు దొరికాయి, నాలుగు. జైనుల విగ్రహమూ ఉంది. ఆ మతాలు వదిలేసినవాళ్లలో మన ముత్తాతల ముత్తాతలూ ఉండే ఉంటారు. వాళ్లు వదిలిపోయినవన్నీ ఏమైనట్టు? భట్టిప్రోలు పేటికలో బుద్ధుడి ధాతువుని 1920లో కలకత్తాలో మహాబోధి సొసైటీవాళ్ల విహారానికిచ్చారు. మనకది తవ్వకంలో దొరికిన వస్తువే, వాళ్లకి సాక్షాత్తూ బుద్ధుడు. ఇచ్చెయ్యడమే సబబు అనిపించింది నాకు.

నాయన పోయిన మరుసటేడు ముడుపు తీసుకెళ్లి మేనత్త చేతిలో పెట్టా. మొక్కినామెకి నువ్వు కూతురివి, పైగా నమ్ముతావు, ఇది నీదే అన్నా. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఒక్కదాన్ని పోలేన్రా, తోడు రా” అంది. వెళ్లా. క్యూలో ఆమె చెయ్యి పట్టుకుని నడిచా, దణ్ణం మాత్రం పెట్టలేదు. పెట్టమని ఆమె కూడా అడగలేదు. కల్యాణకట్ట దగ్గర మాత్రం నన్ను బయట నిలబెట్టి లోపలికి పోయింది. తిరిగొచ్చేసరికి నున్నటి గుండు! తమ్ముడి తలకి బదులు తన తల ఇచ్చేసింది.

“వాడి అప్పు తీరింది, వాడికి ఇష్టమున్నా లేకపోయినా” అంటూ నా చేతిలో లడ్డూ పెట్టింది. తిన్నా. ఇంటికి తెచ్చిన రెండోదానికోసం మీ నాన్నా బాబాయీ కొట్టుకున్నారు.