పని బట్టల బొంతలు చెప్పే చరిత్ర

బొంత అంటే ఏంటో మనలో ఎవరికీ చెప్పక్కర్లేదు. పాత చీరలు, పంచెలు, లుంగీలు పొరలు పొరలుగా పరిచి, పెద్ద సూదితో వరసలు వరసలుగా కుడితే బొంత. చలికాలం కప్పుకోవడానికి, ఎండాకాలం పరుచుకోవడానికి, పసిపిల్లల్ని పడుకోబెట్టడానికి అదే. ఊళ్ళో దాన్ని ఎవరూ బీరువాలో దాచరు. చిరిగితే దానిమీద ఇంకో చీర వేసి కుడతారు. మరీ చిరిగితే అవతల పడేస్తారు. అందులో అమ్మమ్మ చీర ఏది, నాయన పంచె ఏది అంటే ఇంట్లో పెద్దవాళ్ళే చెప్పగలరు. వాళ్ళు పోతే ఆ లెక్క కూడా పోతుంది.

అమెరికాలో ఒక చిన్న ఊరి ఆడవాళ్ళు కుట్టిన ఇలాంటి బొంతలే ఈరోజు పెద్ద పెద్ద మ్యూజియంల గోడల మీద ఉన్నాయి. అక్కడ వాటిని క్విల్ట్‌లు అంటారు. పైన గుడ్డ ముక్కలు అతికిన పొర, మధ్యలో దూది, అడుగున ఇంకో గుడ్డ. మూడూ కలిపి కుడతారు. ఆ కుట్టినవాళ్ళు కౌలు రైతులు, కూలీలు. వాళ్ళ ముత్తాతలు బానిసలు. వాళ్ళు వాడింది కూడా చేలో అరిగిపోయిన పని బట్టలే. పని బట్టల్లోనే సగం జీవితం గడిపే మనకు ఆ ఊరి చరిత్ర తెలిస్తే బాగుంటుందని ఇది రాస్తున్నాం.

నది వంపులో ఊరు

ఆ ఊరి పేరు జీస్ బెండ్. అలబామా రాష్ట్రంలో విల్‌కాక్స్ కౌంటీలో ఉంది. అలబామా నది ఊరిని మూడు వైపులా చుట్టి తిరుగుతుంది. రోడ్డు దారి మిగిలిన ఒక్క వైపే. 1816లో జోసెఫ్ జీ అనే భూస్వామి నార్త్ కరోలినా నుంచి వచ్చి ఇక్కడ పత్తి సాగు పెట్టాడు. ఆయన పేరే ఊరికి వచ్చింది. 1845లో ఆ భూమి అప్పు కింద మార్క్ పెట్‌వే అనే బంధువు చేతికి పోయింది. ఆయన తన దగ్గరున్న సుమారు 100 మంది బానిసలను నార్త్ కరోలినా నుంచి అలబామా దాకా కాలినడకన తీసుకొచ్చాడు. ఈరోజుకీ ఆ ఊళ్ళో చాలామంది ఇంటిపేరు పెట్‌వేనే. యజమాని పేరే వాళ్ళ ఇంటిపేరై కూర్చుంది.

1865లో బానిసత్వం పోయింది గానీ భూమి మాత్రం చేతికి రాలేదు. అదే భూమిని కౌలుకు, పాలుకు చేసుకుంటూ బతికారు. విత్తనాలు, ఎరువు, తిండి గింజలు అన్నీ అవతలి ఒడ్డున ఉన్న క్యామ్డెన్ పట్నంలో షావుకారు దగ్గర అప్పు. పత్తి అమ్మాక లెక్క చూసుకోవడం. ఈ పద్ధతి మనకేం కొత్త కాదు. పత్తి ధర పడిపోయిన రోజుల్లో, 1932లో, అప్పులిచ్చిన షావుకారు చనిపోయాడు. ఆయన వారసులు బాకీ మొత్తం ఒక్కసారే కట్టమన్నారు. కట్టలేకపోతే మనుషుల్ని పంపి సుమారు 60 కుటుంబాల ఇళ్ళు ఊడ్చేశారు. నాగళ్ళు, బండ్లు, కంచర గాడిదలు, ఆవులు, కోళ్ళు, గాదెల్లో మొక్కజొన్న, చిలగడదుంపలు ఏదీ వదల్లేదు. ఆ చలికాలం రెడ్ క్రాస్ ఇచ్చిన పిండితోనే ఊరు బతికింది. 1937లో ప్రభుత్వం ఆ భూమి కొని, ఇళ్ళు కట్టించి, నెమ్మదిగా వాయిదాల మీద రైతులకే అమ్మింది. రూజ్‌వెల్ట్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు కట్టినవి కాబట్టి వాటిని రూజ్‌వెల్ట్ ఇళ్ళు అంటారు.

అంతకుముందు ఉన్నవి దుంగల గుడిసెలు. గోడల సందుల్లోంచి చలిగాలి. లోపల పాత పత్రికల కాగితాలు అతికించుకునేవాళ్ళు. పిల్లలు ఎక్కువ, పరుపులు తక్కువ. కింద రెండు, పైన రెండు క్విల్ట్‌లు ఉంటేగానీ రాత్రి గడవదు. కాబట్టి వాటిని మొదట కుట్టింది కథ చెప్పడానికి కాదు, చలికి. పత్తి ఏరే పని అయిపోయాక, పగలు ఇంటిపని ముగించుకుని, ఇంటి కప్పు నుంచి తాళ్ళతో వేలాడదీసిన కట్టె చట్రం చుట్టూ నలుగురైదుగురు ఆడవాళ్ళు కూర్చుని కుట్టేవాళ్ళు. పై పొర ముక్కలు ఎవరింట్లో వాళ్ళు సొంతంగా అతుక్కుంటారు, మూడు పొరలు కలిపి కుట్టడం మాత్రం అందరూ కలిసి. పాటలు, ప్రార్థనలు, ఊరి కబుర్లు అన్నీ అక్కడే.

మేస్త్రీ కన్నుతో చూస్తే

మేము కట్టుబడి పనివాళ్ళం కాబట్టి వాటి ఫోటోలు చూసినప్పుడు కళ్ళు ముందు కొలతల మీదికే పోయాయి. జీస్ బెండ్‌లో బాగా పేరున్న పద్ధతి ఒకటుంది. దాని పేరు 'హౌస్‌టాప్', అంటే ఇంటి పైకప్పు. నడుమ ఒక చదరం ముక్క పెట్టి, దాని చుట్టూ పట్టీ, ఆ పట్టీ చుట్టూ ఇంకో పట్టీ, ఇలా అంచు దాకా పోతుంది. ఇంకో పద్ధతి పేరు 'బ్రిక్‌లేయర్', అంటే ఇటుకలు పేర్చే మేస్త్రీ. నడుమ ముక్కకు రెండు వైపులా మెట్లు మెట్లుగా పట్టీలు పెరుగుతూ వస్తాయి. ఒక క్విల్ట్‌కు మన పని పేరు పెట్టారని తెలిసి మాకు సంతోషమేసింది.

అయితే ఇందులో డ్రాయింగ్ ఉండదు. టేపు పట్టి కొలవరు. ఉన్న గుడ్డ ఎంతుంటే పట్టీ అంత. ఒక పక్క గుడ్డ చాలకపోతే రంగు మారుతుంది, లైను వంకర పోతుంది. ఆ వంకరను దాచకుండా పక్క పట్టీతో సరిచేస్తారు. మా లెక్కలో అది రిజెక్ట్ అయ్యే పని. ఆ ఆడవాళ్ళు మాత్రం దాన్ని 'నా పద్ధతి' అంటారు. ఒకరి క్విల్ట్ ఇంకొకరి దానిలా ఉండదు. చూడగానే ఇది ఫలానా ఆమె చెయ్యి అని ఊళ్ళో చెప్పేస్తారట.

పని బట్టలతో కుట్టిన వాటిలో ఇంకో సంగతి ఉంది. నీలం ప్యాంటు ఎండకు వెలిసి తెల్లబడుతుంది. జేబు కుట్టిన చోట మాత్రం అడుగున గుడ్డ ఎండ తగలక ముదురు నీలంగానే ఉంటుంది. జేబు విప్పి ఆ ముక్కను క్విల్ట్‌లో వేస్తే వెలిసిన గుడ్డ మధ్యలో జేబు ఆకారం అచ్చు పడినట్టు కనిపిస్తుంది. మోకాళ్ళ దగ్గర అరిగిన గుర్తులు, మాసికలు కూడా అలాగే ఉంటాయి. ఆ మనిషి ఎంత ఎండలో, ఎన్నాళ్ళు, ఎలా వంగి పనిచేశాడో ఆ గుడ్డే చెబుతుంది. ఏ హాజరు పుస్తకమూ అంత సంగతి రాయదు.

నాథానియల్ పని బట్టలు

ఆ ఊరి క్విల్ట్‌లలో 1942 నాటిది ఒకటుంది. కుట్టిన ఆమె మిస్సూరి పెట్‌వే. ఆమె భర్త నాథానియల్ జబ్బు చేసి చనిపోయాడు. ఆయన పని బట్టలన్నీ తీసి, బాగున్న భాగాలు కత్తిరించి, పత్తి బస్తా గుడ్డ, కార్డురాయ్ ముక్కలతో కలిపి ఆమె ఒక క్విల్ట్ కుట్టింది. నీలం, బూడిద రంగు, తెలుపు పెద్ద పెద్ద చదరాలు, పట్టీలు. ఆయన్ను గుర్తుంచుకోవడానికి, ఆ బట్టలే కప్పుకుని పడుకోవడానికి తల్లి ఇది కుట్టిందని పెద్ద కూతురు ఆర్లోంజియా ఎన్నో ఏళ్ళ తర్వాత చెప్పింది. ఇప్పుడది వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్‌లో ఉంది.

ఇక్కడ ఒకటి ఆలోచించాలి. ఆర్లోంజియా నోరు విప్పి చెప్పకపోయి ఉంటే, చెప్పింది ఒకరు రాసిపెట్టకపోయి ఉంటే, మనకు కనిపించేవి పాత నీలం గుడ్డలే. నాథానియల్ ఉండేవాడు కాదు.

ఇలాంటిదే ఇంకాస్త పాత ఉదాహరణ ఉంది. హేరియట్ పవర్స్ అనే ఆమె 1837లో జార్జియా రాష్ట్రంలో బానిసగా పుట్టింది. స్వేచ్ఛ వచ్చాక బైబిల్ కథలను గుడ్డ బొమ్మలుగా కత్తిరించి ఒక క్విల్ట్ మీద కుట్టింది. 1886లో దాన్ని ఏథెన్స్ పట్నంలో పత్తి సంతలో పెట్టినప్పుడు ఒక డ్రాయింగ్ టీచరు చూసి కొంటానంది. హేరియట్ అమ్మనంది. నాలుగైదేళ్ళ తర్వాత ఇంట్లో ఇబ్బంది వచ్చి 10 డాలర్లు అడిగి, 5 డాలర్లకే ఇచ్చేసింది. ఇచ్చేముందు ఏ గడిలో ఏ కథ ఉందో ఒక్కొక్కటి వివరించింది. ఆ టీచరు అదంతా రాసుకుంది. ఆ క్విల్ట్ ఇప్పుడు అమెరికా జాతీయ మ్యూజియం అయిన స్మిత్‌సోనియన్‌లో ఉంది, ఆమె చెప్పిన మాటలూ మిగిలాయి.

బానిసలు పారిపోయే దారులు క్విల్ట్‌లలో రహస్య గుర్తులుగా కుట్టేవాళ్ళని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. దానికి ఆధారాలు లేవని చరిత్రకారులు అంటారు. చెప్పినవాళ్ళ మాట రాసిపెట్టకపోతే తర్వాత ఎవరికి తోచిన కథ వాళ్ళు అల్లుతారు. అందుకే కుట్టినవాళ్ళ నోటి మాట అంత ముఖ్యం.

ఓటు, పడవ, సహకార సంఘం

1960లలో నల్లవాళ్ళు ఓటు హక్కు కోసం కదిలినప్పుడు జీస్ బెండ్ వాళ్ళు కూడా పడవ దాటి క్యామ్డెన్‌లో పేరు నమోదు చేయించుకోవడానికి వెళ్ళారు. 1962లో ఆ పడవ ఆగిపోయింది. ఎదురుగా కనిపించే పట్నానికి రోడ్డు మీద చుట్టూ తిరిగి గంట ప్రయాణం చెయ్యాల్సి వచ్చింది. పడవ మళ్ళీ నడిచింది 2006లో. మార్టిన్ లూథర్ కింగ్ 1965 ఫిబ్రవరిలో ఈ ఊరికి వచ్చి మాట్లాడాడు. 1968లో ఆయన శవపేటికను లాగిన రెండు కంచర గాడిదలు ఈ ఊరివేనని చెబుతారు. ఓటుకు పేరు రాయించుకున్నందుకు ఆ చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలను యజమానులు భూమిలోంచి, ఇంట్లోంచి వెళ్ళగొట్టారు.

ఆ అన్యాయాలు రాసుకుంటూ తిరుగుతున్న ఫ్రాన్సిస్ వాల్టర్ అనే పాదిరి 1965 చివర్లో ఒక ఇంటి ముందు దండెం మీద ఆరేసిన క్విల్ట్‌లు చూశాడు. ఇవి అమ్ముడుపోతాయి గదా అనుకున్నాడు. ఒక్కోటి 10 డాలర్లకు కొని న్యూయార్క్‌లో వేలానికి పంపాడు. 1966 మార్చిలో జీస్ బెండ్, పక్క ఊళ్ళ ఆడవాళ్ళు కలిసి 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం పెట్టుకున్నారు. ఎస్టెల్ విథర్‌స్పూన్ అనే ఆవిడ చాలా ఏళ్ళు దాన్ని నడిపింది. సంఘం సొంతంగా భూమి కొని, 1969లో కుట్టు కేంద్రం కట్టుకుంది. ఆ భూమిలోనే కొంత, వెళ్ళగొట్టబడిన కుటుంబాలకు ఇళ్ళ స్థలాలుగా అమ్మింది. బ్లూమింగ్‌డేల్స్ లాంటి పెద్ద దుకాణాలకు క్విల్ట్‌లు, 1972 నుంచి సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు గలీబులు కుట్టి ఇచ్చారు. ఎంతోమందికి చేతికి జీతం డబ్బు అందడం అదే మొదటిసారి.

దుకాణాలకు మాత్రం అన్నీ ఒకే కొలత, ఒకే డిజైన్ కావాలి. 'నా పద్ధతి' అక్కడ చెల్లదు. పగలు సంఘంలో కొలత ప్రకారం కుట్టి, మిగిలిన కార్డురాయ్ ముక్కలు ఇంటికి తెచ్చుకుని, రాత్రి తమకు నచ్చినట్టు కుట్టుకునేవాళ్ళు. సంఘం 2012లో మూతపడింది. కానీ ఆ ఇంటి క్విల్ట్‌లే 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శనకు వచ్చి ఊరికి పేరు తెచ్చాయి. 2006లో వాటి బొమ్మలతో 10 తపాలా బిళ్ళలు వేశారు. ఆ పేరుతో వచ్చిన డబ్బులో తమ వాటా సరిగా అందలేదని 2007లో కొందరు కోర్టుకు వెళ్ళారు, తర్వాత రాజీ అయింది. పేరొక్కటే వస్తే చాలదు, చేసినవాళ్ళకు డబ్బూ రావాలి.

మన సంగతి

ఇంత దూరపు ఊరి చరిత్ర మనకెందుకు అంటే, మన పని బట్టల సంగతి చూడండి. కొత్త కవరాల్ రెండు మూడు వేసవులకే వెలిసిపోతుంది. భుజాల దగ్గర సిమెంటు, చేతుల దగ్గర షట్టరింగ్ ఆయిల్, మోకాళ్ళ దగ్గర రంధ్రం. తర్వాత అది ప్లేట్లు తుడిచే గుడ్డ అవుతుంది. మన మనిషి ఇక్కడ చనిపోతే ఊరికి పెట్టె పోతుంది, ఒక బ్యాగు పోతుంది. ఆ బ్యాగులో కొత్త చొక్కాలు, పిల్లలకు కొన్నవి ఉంటాయి. పని బట్టలు చాలాసార్లు క్యాంపులోనే ఉండిపోతాయి. కాగితాల మీద మిగిలేది పాస్‌పోర్టు నంబరు, 'లేబర్' అనే మాట. ఆయన ఏ బిల్డింగుకు ఎన్నో అంతస్తు దాకా పోత పోశాడో, ఎన్ని వేసవులు కాశాడో పిల్లలకు ఎవరు చెబుతారు?

మ్యూజియంల కోసం మనం ఏమీ చెయ్యక్కర్లేదు. మన సంఘం ఈ సంవత్సరం నుంచి ఒక చిన్న పని మొదలుపెడితే చాలని మా మనవి. ఊరికి శాశ్వతంగా తిరిగిపోయే ప్రతి ఒక్కరూ తమ పాత పని బట్టలోంచి జానెడు ముక్క ఇవ్వాలి. చనిపోయినవాళ్ళ ముక్క, ఇంటివాళ్ళను అడిగి, రూమువాళ్ళు తీసిపెట్టాలి. ముక్క వెనక పేరు, ఊరు, పని, వచ్చిన సంవత్సరం, పోయిన సంవత్సరం చెరిగిపోకుండా దారంతో కుట్టాలి. పక్కనే ఒక నోటు పుస్తకంలో ఆ మనిషి చెప్పిన నాలుగు మాటలు, ఆయన చెప్పినట్టే, రాయాలి. మనలో టైలర్ అన్నలు ఉన్నారు, ఇళ్ళల్లో పనిచేసే అక్కలు ఉన్నారు. శుక్రవారం సెలవు పూట నలుగురు కూర్చుంటే ఏడాదికి ఒక బొంత అవుతుంది.

ముక్కలన్నీ ఒకే కొలతలో లేకపోయినా ఫరవాలేదు. పుస్తకం మాత్రం తప్పకుండా ఉండాలి. బొంత చిరిగినా పుస్తకం చూసి ఏ ముక్క ఎవరిదో చెప్పొచ్చు. ఇవ్వదలుచుకున్నవాళ్ళు తమ క్యాంపు ప్రతినిధికి చెప్పండి. ఈ మధ్య మనల్ని వదిలిపోయినవాళ్ళ పేర్లతోనే మొదటి వరస మొదలుపెడదాం.