హాంకాంగు టాక్సీలు: గ్యాసు నేర్పిన పాఠము

ద్రవీకృత పెట్రోలియం గ్యాసుతో కారు నడిపినచో గాలి శుభ్రమగునని మనము వినుచున్నాము. ఆ మాట ఎంతవరకు నిజమో హాంకాంగు టాక్సీల చరిత్ర చెప్పును.

మేడల నడుమ ఇరుకు వీథులలో డీజిలు మసి అచ్చట పెద్ద బెడద. 1997లో కొన్ని టాక్సీలను గ్యాసుతో నడిపి పరీక్షించిరి. 2000లో ప్రభుత్వము డీజిలు టాక్సీని మార్చుకొను యజమానికి 40,000 హాంకాంగు డాలర్ల సహాయమిచ్చినది. 2001 ఆగస్టు నుండి కొత్త డీజిలు టాక్సీల నమోదును నిలిపినది. 2003 ముగియునప్పటికి సుమారు 18,000 టాక్సీలలో దాదాపు అన్నియు గ్యాసు బండ్లే. మసి తగ్గినది.

కాని పొగగొట్టమందలి శుద్ధిపరికరము అరిగినచో గ్యాసు బండియు నైట్రోజను ఆక్సైడులను విడుచును. పలు బండ్లలో అట్లే జరిగినది. కనుక 2013–14లో ప్రభుత్వమే తన ఖర్చుతో కొత్తవి అమర్పించి, ఆపై రోడ్డు ప్రక్కనే పొగను కొలుచు యంత్రములు నిలిపినది.

మంచి ఇంధనము సగము పనియే చేయును. తక్కిన సగము బండిని కనిపెట్టుకొని యుండు మన వంతు.