రామకథకు హక్కుదారులు: భాగవతపు పందిరి నుంచి సినిమా హాలు దాకా

ఒకే కథాలోకాన్నీ ఒకే పాత్రలనూ ఆధారం చేసుకొని వరుసగా వచ్చే చిత్రాల మాలికను సినిమా వ్యాపారంలో ఫ్రాంచైజీ అంటారు. పాశ్చాత్య దేశాలలో అటువంటి మాలికకు ఒక రచయితో సంస్థో యజమానిగా ఉండడం మామూలు. 1893లో షెర్లాక్ హోమ్స్‌ను చంపేసిన కోనన్ డాయిల్ మీద పాఠకులు ఎంత మండిపడినా, ఆ డిటెక్టివ్‌ను తిరిగి బతికించడం రచయిత చేతిలోని పనిగానే మిగిలింది. తెలుగు సినిమాలో ఈ మాలికకు బాగా దగ్గరగా వచ్చేవి రామకథా చిత్రాలు. వాటికి యజమాని లేడు. అందువల్ల 1934 నాటి 'లవకుశ' మొదలు 2023 నాటి 'ఆదిపురుష్' దాకా, కొత్తగా వచ్చిన చిత్రం చుట్టూ నడిచిన తగాదాలో "ఇది బాగుందా" అన్న ప్రశ్న కంటే "ఇలా చూపే హక్కు ఎవరిచ్చారు" అన్న ప్రశ్నే బలంగా వినిపించింది. ఈ ప్రశ్న సినిమా కంటే పాతదని తెలుసుకోవడానికి శ్రీకాకుళం జిల్లా ఉత్తర తీరం చక్కని చోటు.

సంతబొమ్మాళి మండలంలోని మూలపేట, దానికి పైన టెక్కలి, ఆపైన పలాస, అక్కడి నుంచి ఇచ్ఛాపురం దాకా కొబ్బరి, జీడి, పనస తోటలతో పరచుకున్న ఉద్దానం (ఉద్యానం అన్న మాటే ఇలా మారిందంటారు) ఒకప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందిన నేల. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గీసిన గీత పరిపాలనను విడదీసిందే గాని ఆటపాటలను విడదీయలేదు. పురాణం కూడా ఇక్కడ పుస్తకానికి పరిమితమైన విషయం కాదు. శివధనుర్భంగం తరువాత రాముడి ముందు తలవంచిన పరశురాముడు మహేంద్రగిరికి వెళ్ళిపోయాడని బాలకాండ చెబుతుండగా, మందసకు ఎగువన ఒడిశా సరిహద్దులో నిలిచి ఉన్న మహేంద్రగిరే ఆ కొండ అని ఈ ప్రాంతపు నమ్మకం. కుంతి, భీముడు, యుధిష్ఠిరుల పేర్లు మోసే పాత గుడులు దాని మీద ఉన్నాయి. కథాస్థలమే ఊరి నుంచి కనబడేవారికి ఆ కథ గురించి సొంత అభిప్రాయం లేకుండా ఎలా ఉంటుంది?

ఆ అభిప్రాయాన్ని నలుగురిలో చెప్పడానికి ఒక పద్ధతిని నేర్పినవి భాగవతాలు. ఉత్తరాంధ్రలో ప్రచారంలో ఉన్న తూర్పు భాగవతం, మద్దెల వాద్యం ప్రాణంగా, మగవారే స్త్రీ వేషం కట్టి, ప్రధానంగా సత్యభామ కథను ఆడే ప్రదర్శన. భామాకలాప సంప్రదాయంలో సత్యభామ వేషధారి తన పొడవాటి జడను తెర మీదుగా ప్రేక్షకుల వైపు వేయడం ఒక ఆనవాయితీ. సభలో ఎవరైనా శాస్త్రంలోనో అభినయంలోనో తనను ఓడించగలిగితే ఆ జడను కోసుకోవచ్చునన్నది దాని భావం. ఈ కళ కొత్త వేషధారికి గౌరవాన్ని అప్పనంగా ఇవ్వలేదు; నిలదీసే అధికారాన్ని చూసేవాడికి ముందే అప్పగించి, ఆ తరువాతే ఆట మొదలుపెట్టింది.

సరిహద్దుకు ఆవల గంజాంలో నేటికీ ఆడే ప్రహ్లాద నాటకానిది ఇంకా ఆసక్తికరమైన కథ. పందొమ్మిదో శతాబ్దంలో ఇప్పటి శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చే జలంతర జమీందారు రామకృష్ణ ఛోటరాయ పేరిట వెలువడిన ఈ ఒడియా నాటకంలో, పేరు ప్రహ్లాదుడిదే అయినా ఆట హిరణ్యకశిపుడిది. ఆ 'రాజు' వేషం కట్టేవాడి గొంతును, అడుగును బట్టే మేళానికి పేరు వస్తుంది. రెండు మేళాలను పోటీకి దింపి రాత్రంతా ఆడించే వాడుక కూడా ఉంది. అటువంటి రాత్రి ఒకే ప్రాంగణంలో ఇద్దరు తీర్పరులు తయారవుతారు. రాగం తప్పిందా, పాఠం మారిందా అని చూసే విద్వాంసుడు ఒకడు. తమ మేళం గెలవాలని కోరుకునే అభిమాని మరొకడు. సినిమా వచ్చాక వీరిద్దరికీ సమీక్షకుడు, ఫ్యాన్ అన్న కొత్త పేర్లు మాత్రం వచ్చాయి.

సి. పుల్లయ్య దర్శకత్వంలో కలకత్తాలోని ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీ 1934లో తీసిన 'లవకుశ'లో పారుపల్లి సుబ్బారావు రాముడు, శ్రీరంజని సీత. నాటకం పద్యాలకు అలవాటుపడిన జనానికి ఆ చిత్రం తెర మీది నాటకంలాగే అంది, బాగా ఆడింది. అదే పుల్లయ్య ఆ కథనే రంగులలో మళ్ళీ మొదలుపెట్టగా, డబ్బు ఇబ్బందులతో నిర్మాణం ఏళ్ళ తరబడి సాగి, ఆయన అనారోగ్యం వల్ల కుమారుడు సి.ఎస్. రావు పూర్తిచేయగా, 1963లో రెండో 'లవకుశ' విడుదలైంది. ఎన్.టి. రామారావు, అంజలీదేవి నటించి, ఘంటసాల సంగీతం కూర్చిన ఈ చిత్రానికి పల్లెల నుంచి బండ్లు కట్టుకొని వచ్చారన్నది తెలుగు దేశమంతటా వినబడే మాట. ఆ రోజుల్లో ప్రింట్లు కొద్దిగా ఉండేవి కాబట్టి చిత్రం ముందు ఎ సెంటర్లనే పెద్ద పట్టణాలలో, తరువాత బి, సి సెంటర్లనే చిన్న పట్టణాలలో, చివరికి డేరా వేసి ఆడించే టూరింగ్ టాకీసులలో తిరిగేది. అందుచేత టెక్కలి, పలాస వంటి చోట్లకు సినిమా కంటే ముందు దాని 'టాక్', అంటే చూసివచ్చినవారు నోటితో మోసుకొచ్చే తీర్పు, చేరేది. పత్రికలోని సమీక్షకు ఆ టాక్‌ను తిప్పగల సత్తా తక్కువ.

1963 చిత్రపు విజయమే తరువాతి చిత్రాలకు చిక్కు తెచ్చింది. వాల్మీకి, తిక్కన, కంకంటి పాపరాజుల స్థానంలో ఒక సినిమా ప్రమాణగ్రంథమై కూర్చుంది. తిక్కన 'నిర్వచనోత్తర రామాయణం'లో లేనిది, పాపరాజు 'ఉత్తర రామాయణం'లో ఉన్నది ఏమిటని చర్చించిన రోజులు పోయి, "రామారావు ఇలా నిలబడలేదు" అన్నదే శాస్త్రవాక్యమైంది. ఇందులో విచిత్రం ఉంది. రామారావు తానే 1958 నాటి 'భూకైలాస్'లోనూ, దర్శకుడిగా తన పేరు వేసుకోకుండా 1961లో తీసిన 'సీతారామ కళ్యాణం'లోనూ రావణుడై, ఆ పాత్రను భక్తుడిగా, విద్వాంసుడిగా నిలబెట్టి మెప్పించినవాడు. హిరణ్యకశిపుడి అడుగుకు చప్పట్లు కొట్టిన తీరంలో ఇది వింత కాకపోవచ్చును. అంటే కథను కొత్తగా చూపి నెగ్గిన నటుడి రూపాన్నే, కథను కొత్తగా చూపకూడదనడానికి సాక్ష్యంగా తెచ్చారన్నమాట.

ఆ రూపాన్ని దాటే ప్రయత్నం గట్టిగా చేసినవాడు బాపు. 1970ల మొదట్లో శోభన్‌బాబు రాముడుగా, చంద్రకళ సీతగా, ఎస్.వి. రంగారావు రావణుడిగా ఆయన తీసిన 'సంపూర్ణ రామాయణం'కు ఆరంభంలో ఆదరణ పలచగా ఉండి, సాంఘిక చిత్రాల అందగాడిని రాముడిగా ఒప్పుకోవడానికి జనానికి కొంత వ్యవధి పట్టి, ఆ తరువాతే అది నిలదొక్కుకుంది. 1976 నాటి 'సీతా కళ్యాణం' దగ్గర విమర్శకుడికీ ప్రేక్షకుడికీ మధ్య దూరం స్పష్టంగా బయటపడింది. కొత్త నటుడు రవికుమార్‌ను రాముడిగా, జయప్రదను సీతగా పెట్టి, సంభాషణ తగ్గించి, బొమ్మకు బొమ్మ అతికినట్టు పాటలతో నడిపిన ఆ చిత్రం షికాగో, లండన్ చిత్రోత్సవాలకు వెళ్ళింది. రవికాంత్ నగాయిచ్ కెమెరా మాయతో రూపొందిన గంగావతరణ ఘట్టాన్ని విమర్శకులు ఇప్పటికీ ఉదహరిస్తారు. సొంత గడ్డ మీద మాత్రం దానికి 'లవకుశ' నాటి జనం రాలేదు. ఇక్కడ తప్పు ప్రేక్షకుడిదేనని తేల్చడం తొందరపాటు. బాపు చిత్రకారుడి కంటితో కథ చెప్పాడు. హాలులో కూర్చున్నవాడు పద్యం కోసం, వేషధారి గొంతు కోసం చెవి ఒగ్గి ఉన్నాడు.

ఇదే బాపు, ముళ్ళపూడి వెంకటరమణ రచనతో, 2011 నవంబరులో 'శ్రీరామరాజ్యం' పేరిట 'లవకుశ' చెప్పిన ఉత్తరకథకే వచ్చినప్పుడు, తండ్రి రామారావు కట్టిన రాముడి వేషంలోకి కొడుకు బాలకృష్ణ వచ్చాడు. రమణ ఆ సంవత్సరం ఫిబ్రవరిలోనే కన్నుమూయడంతో చిత్రం చూడలేదు. నయనతార సీతగా తగదన్న అభ్యంతరం విడుదలకు ముందు గట్టిగా వినిపించింది. విడుదలయ్యాక ఆ అభ్యంతరమే ముందుగా నీరుగారింది. ఉత్తమ చిత్రంగా బంగారు నంది, ఉత్తమ నటిగా ఆమెకు నంది దక్కాయి. ఇళయరాజా పాటలను ఘంటసాల పాటలతో తూచే పని మాత్రం ఎవరూ మానుకోలేదు.

2023 జూన్ 16న వచ్చిన 'ఆదిపురుష్' నాటికి టాక్ ప్రయాణించే వేగం మారిపోయింది. సెంటర్ల వరుస క్రమం పోయి, పలాస హాలులోనూ ముంబయి హాలులోనూ ఆట ఒకే రోజు పడుతుంది కాబట్టి తగాదా సినిమా కంటే ముందే సిద్ధమయింది. 2022 అక్టోబరులో అయోధ్యలో టీజర్ విడుదలైన నాటి నుంచే గ్రాఫిక్స్ మీదా, రావణుడి రూపం మీదా ఎగతాళి మొదలై, జనవరి నుంచి జూన్‌కు విడుదల వాయిదా పడింది. హనుమంతుడి కోసం ప్రతి హాలులో ఒక సీటు ఖాళీగా ఉంచుతామన్న ప్రకటన భక్తుల మనసు గెలవడానికి చేసినది. రాముడి వేషం కట్టిన ప్రభాస్ అభిమానులకు తొలిరోజు ఆట పండుగే అయింది. ఉత్తరాదిలో మాత్రం హనుమంతుడి నోట పెట్టిన బజారు భాష మీద నిరసన పుట్టి, అలహాబాదు హైకోర్టు దాకా వెళ్ళింది. నిర్మాతలు కొద్ది రోజులకే కొన్ని మాటలు మార్చారు. జడ తెర మీద వేయడం తెలిసినవారికి ఆ మార్పు అర్థం తెలుసు.

తెలుగునాట గొడవ చాలావరకు మాట మీద కాక వేషం మీద నడిచింది. తోలు కవచం, పుష్పకానికి బదులు గబ్బిలం వంటి వాహనం, నవనాగరికపు క్రాపుతో రావణుడు, అన్నిటి కంటే ఎక్కువగా రాముడి మీసం. వాల్మీకి మీసం సంగతి తేల్చలేదని కొందరు వాదించారు. వారికి ఎదురుగా నిలిచినవారి దగ్గర శ్లోకం లేదు. 1963 నాటి ఒక రాముడి నున్నని ముఖం ఉంది.