పౌరుడెవరు? కాందిశీకుడెవరు?



అంతర్జాలంలో తెలుగు రాసుకునే మనమందరం కొత్త మాటలు పుట్టించడంలో చేయి తిరిగినవాళ్లమే. పోస్టును టపా అన్నాం, కామెంటును వ్యాఖ్య అన్నాం. ఎవరికి నచ్చిన మాట వారు వాడినా నష్టం లేదు. వాడుకలో నలిగినది నిలుస్తుంది, తక్కినది రాలిపోతుంది. కాని అట్లా వదిలివేయరాని మాటలు కొన్ని ఉన్నాయి. ఒక మనిషి ఏ దేశం వాడు, పరదేశంలో ఎంతకాలం ఉండవచ్చు, ఏ హక్కుతో ఉండవచ్చు అని తేల్చే మాటలు అటువంటివి. వాటికి ఇంగ్లీషులో ఒక అర్థం, తెలుగులో మరొక అర్థం స్థిరపడితే ఆ తేడా నిఘంటువులో ఉండిపోదు, బతుకుల మీద పడుతుంది. మన వలసల చరిత్రే దీనికి సాక్ష్యం.

ముందు ‘వలస’ అన్న మాటనే చూద్దాం. దేశం విడిచిపోవడాన్ని ఇంగ్లీషువారు ఎమిగ్రేషన్ అన్నారు, దేశంలోకి రావడాన్ని ఇమ్మిగ్రేషన్ అన్నారు. హిందీవారు ఉత్ప్రవాసం, ఆప్రవాసం అని రెండుగా విడదీసుకొన్నారు. మనకు రెంటికీ వలస ఒక్కటే. పాలమూరు కూలీ పొరుగు రాష్ట్రానికి పోయినా వలసే, ఇంజనీరు అమెరికాకు పోయినా వలసే. అంతటితో ఆగక తెల్లవారి ఏలుబడిని కూడా వలస పాలన అన్నాం. ఏలినవాడూ, వాని చెరకు తోటలో గొడ్డుచాకిరీ చేసినవాడూ ఒకే మాట కింద ఒదిగిపోయారు! కవిత్వానికి ఇది చమత్కారమే కావచ్చు. చట్టానికి మాత్రం చిక్కు.

ఆ చెరకు తోటల కాలానికి వెళ్దాం. 1834 నుంచి మారిషస్‌కు, 1860 నుంచి నేటాలుకు, 1879 నుంచి ఫిజీకి భారతీయ కూలీలను ఒప్పందాల మీద ఓడలెక్కించారు. నేటాలుకు తొలి ఓడ ‘ట్రూరో’ బయలుదేరింది మద్రాసు రేవు నుంచే. ఫిజీకి మద్రాసు నుంచి కూలీలను పంపడం 1903లో మొదలయింది. ఆ కూలీలలో తెలుగువారూ ఉన్నారు. ఒప్పందాన్ని ఇంగ్లీషులో అగ్రిమెంటు అన్నారు. కూలీల నోట అది గిర్మిట్ అయింది, దానికి కట్టుబడినవాడు గిర్మిటియా అయ్యాడు.

ఫిజీ ఒప్పందంలో అయిదేండ్ల పని, మగవానికి రోజుకు ఒక షిల్లింగు, ఆడమనిషికి తొమ్మిది పెన్నీలు, పదేండ్ల తరువాత ఉచితంగా తిరుగు ప్రయాణం అని ఉండేది. కూలి మాట, గంటల మాట కాగితం మీద ఉన్నాయి. పని ఎగ్గొడితే అది నేరమవుతుందని, జైలుకు పంపే చట్టం ఆ గడ్డ మీద ఉందని మాత్రం ఆ కాగితం చెప్పలేదు. ఒప్పందం అంటే ఇద్దరు సమానంగా ఒప్పుకొన్నదని మన మాటకు అర్థం. అక్కడి చట్టంలో దాని ఫలం శిక్ష. ఈ రెంటి నడుమనున్న అగాధంలో పడినవాడు వేలిముద్ర వేసినవాడే. 1917లో ఈ కూలీల ఎగుమతి ఆగింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందాలు రద్దయ్యాయి. గిర్మిట్ అన్న మాట మాత్రం వారి సంతతి నోట నేటికీ బతికే ఉంది.

రెండవ కథ బర్మాది. కోరంగి రేవు నుంచి రంగూనుకు పోయిన మనవారిని అక్కడ కోరంగీలని పిలిచేవారు. రంగూను మీద జపాను బాంబులు పడ్డాక, 1942లో లక్షల భారతీయులు బర్మా విడిచి పారిపోయి వచ్చారు. ఎందరో అడవులు, కొండలు నడిచి దాటారు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది, 1964లో దుకాణాలు జాతీయమయ్యాయి. మళ్లీ ఓడలు నిండాయి. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేట పేరు ఆ రాకకు గుర్తు.

ఇట్లా వచ్చినవారిని మనం కాందిశీకులన్నాం. ఎంత కరుణ నిండిన మాట! ‘ఏ దిక్కుకు పోదును’ అని అంగలార్చేవాడని పెద్దలు చెప్పే వ్యుత్పత్తి. భయంతో పరుగెత్తేవాడని అమరకోశం చెప్పే అర్థం. 1942లో వచ్చినవారికి ఆ మాట అక్షరాలా తగును. కాని 1964 తరువాత వచ్చినవారికి ఇంగ్లీషు దస్త్రాలలో ఉన్న మాట రిపేట్రియేట్, అంటే స్వదేశానికి తిరిగివచ్చినవాడు. రెఫ్యూజీ వేరు, అతడు శరణార్థి. శరణార్థికి దక్కేది ఆశ్రయం, తిరిగివచ్చినవానిది హక్కు. తాను గాని, తల్లిదండ్రులు గాని, తాతలు గాని అవిభక్త భారతంలో పుట్టి ఉండి, విదేశంలో నివసించేవారు అక్కడి మన దౌత్య కార్యాలయంలో పౌరులుగా నమోదు కావచ్చునని రాజ్యాంగం 8వ అధికరణం చెప్పింది. తాత పుట్టిన నేలకు వచ్చినవానికి దిక్కు తెలియకపోవడమేమిటి? మన జాలి మాట వాని హక్కును కప్పివేసింది.

ఇక పౌరుడు. పురంలో ఉండేవాడు పౌరుడు, పల్లెలో ఉండేవాడు జానపదుడు. పౌరజానపదులని పూర్వులు జంటగా చెప్పింది అందుకే. ఇంగ్లీషు సిటిజన్‌లోనూ, హిందీ నాగరికుడిలోనూ పట్టణమే దాగి ఉంది. 1949 నవంబరు 26న పౌరసత్వ అధికరణాలు అమలులోకి రావడంతో పల్లెటూరి జానపదుడు కూడా పౌరుడయ్యాడు. మాట పాతదే, అర్థం సరికొత్తది. వ్యాకరణానికి పౌరత్వం చాలును, లోకం పౌరసత్వాన్ని పట్టుకొన్నది. అర్థం స్థిరంగా ఉన్నప్పుడు రూపం మీద పేచీ అక్కరలేదు.

అర్థం స్థిరంగా లేనిచోటే ప్రమాదం. 1955 పౌరసత్వ చట్టం జన్మ, వారసత్వం, నమోదు, నేచురలైజేషన్, భూభాగం కలయిక అని అయిదు మార్గాలు చెప్పింది. నాలుగవ దానిని పాఠ్యపుస్తకాలు సహజీకృత పౌరసత్వమన్నాయి. ధాతువుకు ధాతువు సరిపోయింది గాని, వినేవానికి ఏమీ తెలియలేదు.

ఇంతకంటె పెద్ద చిక్కు ఓ.సి.ఐ. కార్డుది. 2006 జనవరిలో మన హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే ఆ పథకం మొదలయింది. ఇంగ్లీషు పేరులో సిటిజన్ ఉన్నందువల్ల దానిని ద్వంద్వ పౌరసత్వమని పిలిచినవారెందరో! అది పౌరసత్వం కాదు. ఆ కార్డుతో ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనే వీలు లేదు. 2015లో చట్టమే ఆ పేరుకు కార్డ్‌హోల్డర్ అన్న మాట తగిలించింది. మన ‘ప్రవాస భారతీయుడు’ మాత్రం భారత పౌరునికీ, పరదేశ పౌరుడైన భారత సంతతివానికీ ఉమ్మడిగానే నడుస్తున్నది.

గల్ఫు సంగతి చూడండి. 2007, 2018, 2024 సంవత్సరాలలో ఎమిరేట్సు ప్రభుత్వం వీసా గడువు దాటినవారికి జరిమానా లేకుండా తిరిగిపోయే అవకాశమిచ్చింది. మన పత్రికల మాట క్షమాభిక్ష. ఉరిశిక్ష పడినవాడు రాష్ట్రపతిని వేడుకొనేదీ క్షమాభిక్షే! ఏజెంటు చేతిలో మోసపోయి గడువు దాటిన కరీంనగర్ కూలీని ఆ మాట దోషిగా, బిచ్చగాడిగా నిలబెడుతుంది. ‘గడువు మినహాయింపు’ అంటే సరిపోదా?

అధికార భాషా చట్టం 1966లోనే వచ్చింది, తెలుగు అకాడమి 1968లో వెలిసింది. పాలనకు పదకోశాలూ వచ్చాయి. కాని ఈ మాటలకు ఎదురెదురుగా రెండు పదాలు రాస్తే చాలదు. ఆ పదం వల్ల మనిషికి ఏ హక్కు వస్తుంది, ఏది పోతుంది అన్నది పక్కనే ఒక వాక్యంలో ఉండాలి. వీసా, పాస్‌పోర్టు, కఫీల్, అకామా వంటి మాటలు కూలీలకు ముందే తెలుసు, వాటిని అట్లాగే ఉంచాలి. పండితులు కొత్తగా కట్టవలసింది రిపేట్రియేటుకూ రెఫ్యూజీకీ, పౌరునికీ కార్డు కలవానికీ నడుమ గోడలే.

పౌరసత్వ చట్టం మూడవ షెడ్యూలులో ఒక నియమముంది. నేచురలైజేషన్ కోరే విదేశీయునికి, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో ఏదో ఒకటి తగినంతగా తెలిసి ఉండాలి. ఆ భాషలలో తెలుగు ఒకటి. అంటే తెలుగు నేర్చిన పరదేశి ఆ అర్హతను తెలుగుతోనే సంపాదించవచ్చును. తన భాషను ఇంత గౌరవించిన ఆ చట్టాన్ని, తెలుగువాడు తన భాషలో చదివి తడుముకోకుండా అర్థం చేసుకోగలగాలి.

మీ ఊళ్లలో వలసపోయినవారి నోట, తిరిగివచ్చినవారి నోట వినిపించే మాటలను వ్యాఖ్యలలో రాయండి. ఏ మాట ఏ హక్కుకు సరిపోతుందో కలిసి తూచి చూద్దాం.