ఎరకసాని చేయించిన ఇంటీరియర్స్

ఈ మధ్య మా ఫ్లాట్‌కి ఇంటీరియర్స్ చేయిస్తున్నాం. చేయించినవాళ్లకి తెలుసు, అదొక రెండో ఉద్యోగం. డిజైనర్ అమ్మాయి లాప్‌టాప్ తెరిచి "సార్, ఈ హాలు ఇటాలియన్ ఇన్‌స్పిరేషన్, ఈ బెడ్‌రూమ్ జాపనీస్ ఇన్‌స్పిరేషన్" అని చెప్తోంది. మా ఆవిడ శ్రద్ధగా వింటోంది. నేను చదరపు అడుగుకి ఎంత పడుతుందో మనసులో లెక్క వేసుకుంటున్నాను. మధ్యలో ఎందుకో ఒక అనుమానం వచ్చింది. డబ్బు పెట్టే మనిషి, పని తెలిసిన మనిషి కలిసి, బయట సంగతి ఎలా ఉన్నా లోపల మాత్రం అదిరిపోవాలి అనుకుని కట్టిన చోటు మా వైపు ఎక్కడైనా ఉందా?

మాది మిర్యాలగూడ, అత్తగారిది కోదాడ. అంటే సూర్యాపేటలో టీ తాగకుండా నా పండగ ఒక్కటీ గడవలేదు. మీలో చాలామందిది కూడా అదే కథ అయ్యుంటుంది. ఆ హోటళ్ల నుంచి నాలుగైదు కిలోమీటర్లలో పిల్లలమర్రి ఉంది. అక్కడ ఎనిమిది వందల ఏళ్ల నాటి గుళ్లున్నాయని చిన్నప్పటి నుంచి తెలుసు. కానీ టీ అయిపోగానే బండెక్కేవాళ్లం. మొన్న సంక్రాంతికి మాత్రం పట్టుబట్టి బండి అటు తిప్పించాను. "గుడికా, గ్రానైట్ చూడటానికా?" అంది మా ఆవిడ. రెండిటికీ :)

ముందు కొంచెం చరిత్ర. ఈ గుళ్లు కట్టించింది రేచర్ల రెడ్లు, కాకతీయుల సామంతులు. మా మిర్యాలగూడ దగ్గరి ఆమనగల్లు, సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి ఇవే వాళ్ల స్థావరాలు. పిల్లలమర్రిలో కాకతి రుద్రదేవుడి కాలం శాసనం 1195 నాటిది ఒకటుంది. 1202లో నామిరెడ్డి నామేశ్వరాలయం కట్టించాడు. 1208లో, గణపతిదేవుడు రాజుగా ఉండగా, బేతిరెడ్డి భార్య ఎరకసాని తన పేరు మీదే ఎరకేశ్వరాలయం కట్టించింది. మొగుడి పేరు మీద కాదు, గమనించండి. (అన్నట్టు, ఆ రోజుల్లో "సాని" అంటే పెద్దింటి ఆడవాళ్ల పేరు చివర గౌరవంగా చేర్చే మాట. తర్వాత ఆ మాటకి పట్టిన గతి వేరే కథ.)

ఎరకేశ్వరాలయం బయటి నుంచి చూస్తే నిరాశ పడే అవకాశం ఉంది. హళేబీడు గోడలు చూసొచ్చినవాళ్లకి అయితే మరీను. ఎత్తైన అరుగు, దాని మీద నిరాడంబరమైన గోడలు, అంతే. లోపలికి అడుగు పెట్టాక తెలుస్తుంది డబ్బు ఎక్కడ పెట్టారో. రంగమండపం మధ్యలో నల్లటి స్తంభాలు. ఒక్కో స్తంభం కింద చదరంగా మొదలై, పైకి పోయేకొద్దీ పలకలుగా, గుండ్రంగా, పళ్లేలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుగా మారుతుంది. పట్టీల నిండా సన్నటి పని. చేత్తో తడిమితే చల్లగా, నున్నగా ఉంటుంది. మావాడు తన మొహం చూసుకుని జుట్టు సర్దుకున్నాడు.

ఇంజనీరు బుద్ధి ఊరుకోదు కదా, ఇంటికొచ్చాక ఆ రాయి సంగతి చదివాను. తెలంగాణ నేల చాలావరకు పాత గ్రానైట్. ఆ గ్రానైట్‌లో చీలికలు పడ్డ చోట కింది నుంచి మాగ్మా ఎగదన్ని గట్టిపడితే ఏర్పడ్డ గోడల్లాంటి నల్లరాతి పట్టీలు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. ఆ రాయి పేరు డోలరైట్. గ్రానైట్‌లో గింజలు పెద్దవి, రంగులు కలగాపులగం. డోలరైట్‌లో గింజ సన్నం, రంగు ఒక్కటే. అందుకే సన్నటి చెక్కుడుకీ, మెరుపుకీ అది లొంగుతుంది. తమాషా ఏంటంటే, మన వంటింటి ప్లాట్‌ఫాం మీద వేసే "బ్లాక్ గ్రానైట్" నిజానికి గ్రానైటే కాదు. అది కూడా డోలరైట్, గాబ్రో జాతి రాయే. అంటే ఎరకసాని స్తంభమూ, మనం దోసెల పిండి కారబోసుకునే బండా దగ్గరి చుట్టాలు.

ఇక ఇన్‌స్పిరేషన్ సంగతి. ఈ పళ్లేల స్తంభం ఓరుగల్లులోనో పిల్లలమర్రిలోనో పుట్టలేదు. కాకతీయులు మొదట కళ్యాణి చాళుక్యుల సామంతులు. చాళుక్యుల సేనాని మహాదేవుడు 1112లో కన్నడ దేశంలోని ఇటగిలో కట్టించిన గుడి చూడండి, లక్కుండి గుళ్లు చూడండి, ఇలాంటి స్తంభాలు అక్కడ వరసలు వరసలు. రుద్రదేవుడు 1163లో స్వతంత్రం ప్రకటించుకుని హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించినప్పుడు, ప్రభువుని వదిలేశాడు కానీ ప్రభువు స్తంభాన్ని వదల్లేదు. మన భాషలో చెప్పాలంటే ఫోర్క్ చేశాడు.

అయితే మక్కీకి మక్కీ కాపీ అనటానికి వీల్లేదు. చాళుక్యులు ఎక్కువగా వాడింది మెత్తటి రాయి, బలపం జాతికి దగ్గరగా ఉండేది. గనిలోంచి తీసిన కొత్తలో అది ఉలికి ఇట్టే లొంగుతుంది. లేత్ లాంటి దాని మీద తిప్పి చేశారంటే నమ్మొచ్చు (దాని మీద పండితులకి వాదనలున్నాయి, ఉండనివ్వండి). మన దగ్గర దొరికేది ఉలి మొన విరిగే రాయి. మెత్తటి రాయి కోసం పుట్టిన డిజైన్‌ని తెచ్చి గట్టి రాయి మీద దించాలి. ఒక ప్లాట్‌ఫాం కోసం రాసిన కోడ్‌ని ఇంకో ప్లాట్‌ఫాం మీదకి మార్చినవాళ్లకి ఆ నొప్పి తెలుస్తుంది. ఇక్కడి శిల్పులు ఏం చేశారంటే, ఆ రాయి బలహీనత పక్కన పెట్టి దాని బలం పట్టుకున్నారు. అంత గట్టి రాయి కాబట్టే రుద్దితే అద్దమవుతుంది. కరెంటు లేని కాలం, లోపలికి వెలుతురంతా బయటి నుంచి రావాలి. నూనె దీపం వెలిగిస్తే ఆ నలుపు మీద ఎన్ని దీపాలయ్యేవో ఊహించుకోండి. నాకైతే ఆ మెరుపు అలంకారం ఒక్కటే కాదు, లైటింగ్ కూడా అనిపిస్తుంది. ఇది నా అభిప్రాయం, శాసనంలో లేదు.

మెరుపుతో పాటు రంగులూ ఉండేవి. నామేశ్వరాలయంలో కాకతీయుల కాలపు చిత్రాల ఆనవాళ్లు మిగిలాయి. అమృతం కోసం సముద్రాన్ని చిలుకుతున్న దృశ్యం. కాకతీయుల రంగుల బొమ్మలు మొత్తం మీదే బహు తక్కువ మిగిలాయి, అందులో ఇవి కొన్ని. అదే గుళ్లో తడితే మోగే స్తంభం చూపిస్తారు. అందరూ తట్టేది దాన్నే, తల పైకెత్తి బొమ్మ వెతికేవాళ్లు తక్కువ. మేమూ ముందు తట్టాం.

ఇప్పుడు నన్ను తొలిచే విషయానికొస్తాను. ఎరకసాని పేరు శాసనంలో ఉంది. బేతిరెడ్డి, నామిరెడ్డి, రుద్రదేవుడు, గణపతిదేవుడు అందరి పేర్లూ ఉన్నాయి. మరి ఆ స్తంభానికి ఎన్ని పళ్లేలుండాలి, ఏ పట్టీలో ఏ బొమ్మ రావాలి అని ఎరకసానితో కూర్చుని మాట్లాడిన మనిషి ఎవరు? ఆవిడ వద్దంటే మార్చాడా? "అమ్మా, ఈ రాయి అలా రాదు" అని ఎదురు చెప్పాడా? తెలియదు. ఐదేళ్ల తర్వాత 1213లో అదే రేచర్ల ఇంటిపేరున్న రుద్రుడు పాలంపేటలో కట్టించిన గుడిని జనం శిల్పి పేరుతో రామప్ప గుడి అంటారని చెప్పుకుంటాం. 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. ఆ శిల్పి పేరు కూడా జనం నోట నిలిచిందే.

ఒక్క చిన్న ఆధారం ఉంది. కాకతీయుల కాలం శాసనాల్లో పనివాళ్ల పేర్లు అక్కడక్కడా కనిపిస్తాయి, చివర "ఓజు" అని ఉంటుంది. ఓజ అంటే గురువు, "ఒజ్జ" కూడా అదే మాట. అది చదవగానే నాకు మా బడి హాజరు పట్టీ గుర్తొచ్చింది. మిర్యాలగూడలో మా క్లాసులో ముగ్గురి ఇంటిపేర్లు "ఓజు"తో ముగిసేవి. ముగ్గురి నాన్నలూ వడ్రంగమో, కమ్మరమో, బంగారం పనో చేసేవాళ్లు. ఎనిమిది వందల ఏళ్ల గురువు పదవి ఇంటిపేరు చివర నిలబడి ఉంటే, మేము దాన్ని పట్టుకుని ఎక్కిరించేవాళ్లం.

మా పాత ఇంట్లో నాపరాళ్ల నేల, దూలాల కప్పు, ముందు టేకు దర్వాజ. ఆ దర్వాజకి రెండు వైపులా తీగలు, పైన గజలక్ష్మి, ఆమె కింద మా తాత పేరు, 1978 అన్న సంవత్సరం. చెక్కినాయన పేరు లేదు. కోదాడలో దిగగానే నాయినకి ఫోన్ చేశాను.

"నాయినా, మన దర్వాజ ఎవరు చేసిన్రు?"

"ఎవరో వడ్లాయన రా. నాలుగు నెలలు మన కొట్టంలనే ఉండి చేసిండు. మీ తాత పొద్దుగాల్నే పోయి ఆయన పక్కన కూసునేటోడు. ఏనుగు తొండం అట్ల కాదు, ఇట్ల పెట్టు అని ఇద్దరికీ రోజూ లొల్లే. పేరు... ఏమో, యాదికొస్తలేదు."

నలభై ఏడు, నలభై ఎనిమిదేళ్లు. అంతే పట్టింది ఒక పేరు పోవడానికి.

మా డిజైనర్ అమ్మాయికి ఫోన్ చేసి హాల్లో ఇటాలియన్ పాలరాయి వద్దని చెప్పాను, నల్లరాయి చూడమన్నాను. పాత దర్వాజ తెచ్చి పూజగదికి బిగించగలరా అని అడిగాను. కొలతలు పంపమంది. అవి తీసుకుంటూ ఉండగా మూడో రోజు రాత్రి నాయిన తనే ఫోన్ చేశాడు. మా మేనత్తని అడిగాడట, ఆవిడకి గుర్తుందట. పేరు చెప్పాడు. ఇంటిపేరు చివర ఓజు.