ఈతరెక్కల రబ్బరు చిరిగినప్పుడు - మరమ్మతు విధానం

సముద్రంలో లోతుకు దిగే ఈతగాళ్లు పాదాలకు తొడుగుకొనే వెడల్పాటి పలకలను ఈతరెక్కలు అంటారు. వ్యవహారంలో ఫిన్లు అనే పేరే స్థిరపడింది. వీపున గాలి సిలిండరు, నడుమున సీసపు బరువులు ధరించిన మనిషి కేవలం చేతులతో ఈది ప్రవాహానికి ఎదురువెళ్లలేడు. అతనిని ముందుకు నడిపేవి ఈ రెక్కలే. అందుచేత వీటి రబ్బరులో కనిపించే చిరుగును చెప్పు చిరుగువలె తేలికగా తీసుకొనరాదు. చెప్పు తెగితే దారిలో ఆగి కుట్టించుకోవచ్చు. ఒడ్డుకు దూరాన రెక్క ఊడిపోతే ఆగే చోటు ఉండదు.

కర్ణాటకలో మురుడేశ్వర్ సమీపాన ఉన్న నేత్రాణి ద్వీపం, మహారాష్ట్రలో మాల్వణ్ తీరం, పుదుచ్చేరి, విశాఖపట్నం వద్ద ఋషికొండ స్కూబా డైవింగ్ జరిగే ప్రదేశాలు. ఇటువంటి చోట్ల ఉపాధి వెదుక్కొనే యువకులు, వాడిన రెక్కలను తక్కువ ధరకు కొనేవారు ఏ చిరుగు బాగుపడుతుందో, ఏది బాగుపడదో ముందుగా తెలుసుకొని ఉండాలి.

నిర్మాణం

ఫ్రెంచి నౌకాదళ అధికారి లూయీ ద కొర్లియు 1933లో ఈతరెక్కలకు పేటెంటు పొందారు. ఆయన వద్ద అనుమతి తీసుకొని అమెరికాలో ఓవెన్ చర్చిల్ 1940లో రబ్బరు రెక్కలను విపణిలోకి తెచ్చారు. నేటి రెక్కలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకంలో పాదపు తొడుగు బూటువలె మడమను పూర్తిగా కప్పుతుంది. రెండవ రకంలో మడమ వెనుక భాగం తెరచి ఉంటుంది; అక్కడ ఒక పట్టీ పాదాన్ని పట్టి ఉంచుతుంది. కొన్నింటిలో తొడుగు, పలక రెండూ రబ్బరే. చాలా వాటిలో పలక ప్లాస్టిక్, తొడుగు మాత్రమే రబ్బరు.

రబ్బరు ఎందుకు చిరుగుతుంది

1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే గట్టిపడి సాగేగుణం నిలుస్తుందని కనుగొన్నారు. ఈ ప్రక్రియలో రబ్బరు అణువుల గొలుసుల నడుమ ముడులు పడతాయి. ఆ విధంగా ఒకసారి గట్టిపడిన రబ్బరును మైనంవలె కరిగించి మళ్లీ అతకటం సాధ్యం కాదు. చిరుగును జిగురుతోనో, కుట్టుతోనో కలపవలసిందే.

ఎండ, వేడి, నూనె రబ్బరుకు శత్రువులు. గాలిలో స్వల్పంగా ఉండే ఓజోన్ వాయువు సాగి ఉన్న రబ్బరును కొరుకుతుంది. లాగుడు ఏ దిశలో ఉంటే దానికి అడ్డంగా సన్నని పగుళ్లు పడతాయి. పట్టీలు, మడమ అంచులు ముందుగా పాడవటానికి కారణం ఇదే. తడపకుండా బలవంతంగా తొడగటం, అంచు పట్టుకొని గుంజటం తక్కిన కారణాలు.

ఏది బాగుచేయవచ్చు, ఏది చేయరాదు

పాదపు తొడుగు పైభాగంలో, మడమ అంచున, వేళ్లవైపు రంధ్రం వద్ద పడిన చిన్న చిరుగులను బాగుచేయవచ్చు. పట్టీకి మాత్రం అతుకు వేయరాదు. వంచి చూసినప్పుడు లోపలివైపు పగుళ్లు కనిపిస్తే కొత్త పట్టీ వేసుకోవాలి. దాని ధర రెక్కల ధరతో పోలిస్తే స్వల్పం. తొడుగూ పలకా కలిసే చోట పగులు వస్తే ఆ రెక్కను లోతు నీటికి వాడరాదు. ప్రతి తన్నుకూ బరువంతా పడేది అక్కడే కనుక ఏ జిగురూ నిలువదు. వేలితో రుద్దితే నల్లగా అంటుకొనే, జిగటగా మారిన రబ్బరు లోపలికంటా చెడిందని గ్రహించాలి.

రబ్బరును గుర్తించటం

సూదిని వేడిచేసి బయటికి కనిపించని చోట తాకించాలి. గంధకంతో గట్టిపరచిన అసలు రబ్బరు కరగదు. కమిలి వాసన వస్తుంది. సూది మెత్తగా దిగి, ఆ చోటు కరిగితే అది ప్లాస్టిక్ జాతి రబ్బరు. దీనికి మామూలు జిగుర్లు సరిగా పట్టవు, కుట్టుపైనే ఆధారపడాలి.

మరమ్మతు క్రమం

1. మంచినీటితో కడిగి ఉప్పు, ఇసుక పోయిన తరువాత నీడలో ఒక రోజంతా ఆరనివ్వాలి. తేమ ఉంటే జిగురు పట్టదు.

2. చిరుగు చివర 2 లేక 3 మిల్లీమీటర్ల గుండ్రని రంధ్రం చేయాలి. చిరుగు పాకటం అక్కడ ఆగుతుంది.

3. రెండు అంచులను ఉప్పు కాగితంతో గరుకు చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవాలి. ఆ తరువాత వేలు తగలనీయరాదు.

4. పాదరక్షలకు వాడే నియోప్రిన్ జిగురును రెండు అంచులకూ పలుచగా రాయాలి. అది ఇంకిన తరువాత రెండవ పూత వేయాలి. సహజ రబ్బరైతే సైకిలు దుకాణంలోని సొల్యూషన్ కూడా పనిచేస్తుంది. చిరుగు నడుమ చిన్న పుల్ల ఉంచితే అంచులు ముందే అంటుకోవు.

5. డబ్బాపై సూచించినంత సేపు, సాధారణంగా 10 నుంచి 15 నిమిషాలు, ఆగాలి. వేలికి అంటనంతగా ఆరినప్పుడు అంచులను సరిగా కలిపి గట్టిగా నొక్కాలి.

6. పైన సైకిలు ట్యూబు ముక్కను చిరుగుకు అన్నివైపులా 2 సెంటీమీటర్లు మించేటట్లు అతికించాలి. మూలలు గుండ్రంగా కత్తిరిస్తే అంచు లేవదు.

7. బరువు పెట్టి 24 గంటలు కదలకుండా ఉంచాలి.

మడమ అంచు వంటి లాగుడు ఎక్కువగల చోట జిగురుతోపాటు కుట్టు కూడా అవసరం. చెప్పులు కుట్టేవారి ఆరెతో, నైలాన్ దారంతో చేయించటం మేలు. కుట్లు అంచుకు మరీ దగ్గరగా వేస్తే రబ్బరు తెగుతుంది. వెంటనే పట్టే క్విక్ జిగురును నమ్మరాదు. అది గాజువలె గట్టిపడి, వంగినప్పుడు పెళుసుగా విరుగుతుంది.

ఈ జిగుర్ల ఆవిరి త్వరగా అంటుకొంటుంది, తల తిప్పుతుంది. పొయ్యికి, దీపానికి దూరంగా, గాలి ఆడే చోట పని చేయాలి. డబ్బాను పిల్లలకు అందనీయరాదు.

పరీక్ష, సంరక్షణ

ఆరిన తొడుగును చేతులతో సాగదీసి, అతుకు నోరు తెరవటం లేదని చూడాలి. తరువాత నడుము లోతు నీటిలో, తోడు మనిషి ఉండగా, కొంతసేపు తన్ని చూడాలి. అక్కడ నిలిచిన తరువాతనే లోతుకు వెళ్లాలి. నిలువకపోతే రెండవసారి అతికించక కొత్తవి తీసుకోవాలి.

వాడిన ప్రతిసారీ మంచినీటితో కడిగి నీడలో ఆరబెట్టాలి. మెరుపు కోసం కొబ్బరినూనె, కిరోసిన్ పూయరాదు. రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. పలక కొనపై నిలబెడితే వంకర పోతుంది కనుక బల్లపరుపుగా పడుకోబెట్టాలి. కరెంటు మోటార్ల నుంచి ఓజోన్ పుడుతుంది కాబట్టి పంపుసెట్టు గదిలో దాచరాదు. తొడిగేముందు పాదాన్నీ తొడుగునూ తడిపితే కొత్త చిరుగులు చాలావరకు రావు.